ఈ వేసవికి ఒక చిన్న పుస్తకం: ఎలా ఎంచుకోవాలి, ఎలా చదవాలి

సోదరీ, వందనాలు.

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. బడిలో తెలుగు పాఠాలు చెబుతారు. ఏప్రిల్ చివర్లో సెలవులు మొదలైతే మళ్లీ బడి తెరిచేది జూన్ రెండో వారంలోనే. ఈలోగా ఆత్మకు మేలు చేసే చిన్న క్రైస్తవ పుస్తకాలు నాలుగైదు చదవాలని మీ కోరిక. 150 పేజీలు దాటకూడదన్నారు. తెలుగులో దొరికితే మంచిది, ఇంగ్లీషైనా నెమ్మదిగా చదువుకుంటానన్నారు. పన్నెండేళ్ల బాబుతో కలిసి చదవడానికి ఒకటి విడిగా అడిగారు. చివర్లో మీరు రాసిన మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. నిరుడు నాలుగు పుస్తకాలు మొదలుపెట్టి ఒక్కటీ పూర్తి చేయలేదని, ఆ బాధ ఇంకా ఉందని రాశారు.

ఆ బాధ పెట్టుకోకండి. మా సంఘ గ్రంథాలయం బాధ్యత నేను చూడబట్టి 26 ఏళ్లు. రెండు ఇనప అల్మరాలు, ఒక పొడుగాటి రిజిస్టరు, ఇంతే మా గ్రంథాలయం. ఎవరు ఏ పుస్తకం ఎప్పుడు తీసుకున్నారో, ఎప్పుడు తిరిగి ఇచ్చారో అందులో ఉంటుంది. ఏటా ఏప్రిల్ నెలాఖరు ఆదివారాల్లో ఆరాధన ముగియగానే అల్మరా దగ్గర జనం చేరతారు. ఎక్కువమంది చేయి లావు పుస్తకాల మీదికే వెళుతుంది. సెలవులు పెద్దవి కాబట్టి పుస్తకమూ పెద్దదే ఉండాలనుకుంటారు. జూన్‌లో ఆ పుస్తకాలు తిరిగి వచ్చినప్పుడు చూస్తే, గుర్తుగా పెట్టుకున్న పెళ్లి పత్రిక ముక్కో బస్సు టిక్కెట్టో 30వ పేజీ దగ్గరే ఉంటుంది. మీ ఒక్కరి సంగతి కాదు ఇది.

చిన్న పుస్తకాలతో వచ్చే చిక్కు వేరు. అవి రెండు రోజుల్లో తిరిగి వస్తాయి. చదివారా అంటే చదివాం, బాగుంది అంటారు. ఏం బాగుందని అడిగితే చెప్పలేరు. వంద పేజీలేగా అని ఒక మధ్యాహ్నం పడుకుని గబగబా చదివేస్తారు. ఇన్నేళ్లలో నాకు కలిగిన నమ్మకం ఒకటే. ఆధ్యాత్మిక పుస్తకం చిన్నదిగా ఉండడం వల్ల లాభం అది తొందరగా అయిపోవడంలో లేదు, ఒకే వేసవిలో దాన్ని రెండోసారి చదవగలగడంలో ఉంది. మొదటిసారి రచయిత ఏమంటున్నాడో తెలుస్తుంది. రెండోసారి అది మనతో ఏమంటుందో తెలుస్తుంది. అందుకే మీరు అడిగిన నాలుగైదు బదులు ఒకటి, మహా అయితే రెండు ఎంచుకోండి అంటాను. కింద చాలా పేర్లు చెబుతాను, అవన్నీ చదవమని కాదు. వాటిలో మీ పుస్తకం ఏదో మీరు తేల్చుకోవడానికి.

కొనేముందు, లేదా అల్మరాలోంచి తీసేముందు ఒక పని చేయండి. అట్ట వెనక రాసింది చదవొద్దు, ముందుమాట చదవొద్దు. నడిమధ్యలో ఎక్కడో ఒక పేజీ తెరిచి పెదవులు కదిపి పైకి చదవండి. నాలుక తడబడితే అనువాదం బాగా లేదన్నమాట. మన క్రైస్తవ పుస్తకాల్లో చాలావరకు అనువాదాలే. కొన్ని పాత గ్రాంథికంలో ఉంటాయి. ఆ భాషకు ఒక అందం ఉంది, తెలుగు పంతులమ్మగా మీకు అది ఇబ్బంది కాకపోవచ్చు. ఇబ్బందల్లా ఇంగ్లీషు వాక్యాన్ని మాటకు మాట దించేసిన అనువాదాలతోనే. కర్త ఒక చోట, క్రియ నాలుగు వరుసల అవతల. అలాంటి పుస్తకంతో పోరాడడానికే ఓపికంతా అయిపోతుంది, ప్రార్థనకు మిగలదు. దానికంటే ఇంగ్లీషులో నెమ్మదిగా చదవడం మేలు.

తర్వాత ఒక అధ్యాయం ఎన్ని పేజీలో చూడండి. ఒక్కసారి కూర్చుంటే ఒక అధ్యాయం అయిపోవాలి. మే నెలలో మన ఇళ్లలో తీరిక అంటే తెల్లవారుజామున ఒక అరగంట, మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక అరగంట. ఎప్పుడు కరెంటు పోతుందో, ఎప్పుడు చుట్టాలు దిగుతారో తెలియదు. 40 పేజీల అధ్యాయాలున్న పుస్తకం ఎంత గొప్పదైనా ఈ కాలానికి సరిపడదు.

ఇంకొక సంగతి. ఈ పుస్తకం నన్ను ఏం చేయమంటోంది అని అడగండి. ఏడు రోజుల్లో మీ జీవితం మారిపోతుందని, ఈ ప్రార్థన ఇన్నిసార్లు చేస్తే ఇది దొరుకుతుందని అట్ట మీదే వాగ్దానం చేసే పుస్తకాలు బల్లల మీద కుప్పలుగా ఉంటాయి. నేను వాటిని మా అల్మరాలో పెట్టను. కష్టంలో ఉన్నవాళ్లు వాటిని నమ్మి, అనుకున్నది జరగకపోతే తమ విశ్వాసంలోనే లోపముందని కుమిలిపోవడం కళ్లారా చూశాను.

ఇక పుస్తకాలు. మీరు రాసినదాన్ని బట్టి మీకు నేను మొదట చెప్పేది బ్రదర్ లారెన్స్. దేవుని సన్నిధిలో నిలవడాన్ని అభ్యాసం చేయడం అనే అర్థం వచ్చే పేరుతో ఉంటుంది. అనువాదాలకు ఒక్కో ప్రచురణలో ఒక్కో పేరు పెడుతుంటారు కాబట్టి రచయిత పేరుతో అడగండి. అసలు పేరు నికోలా హెర్మన్. ఫ్రాన్సులోని లోరేన్ ప్రాంతంవాడు. కుర్రతనంలో సైనికుడు, యుద్ధంలో కాలికి దెబ్బ తగిలి కుంటివాడయ్యాడు. 18 ఏళ్ల వయసులో ఒక శీతాకాలం ఆకులన్నీ రాలిపోయిన చెట్టును చూశాడు. కొద్దిరోజుల్లో ఇదే చెట్టు చిగురిస్తుంది, పూస్తుంది, కాస్తుంది కదా అన్న ఆలోచన ఆయనలో దేవుని మీద ఎంతటి ప్రేమను పుట్టించిందంటే, మిగిలిన జీవితమంతా ఆ వెలుగులోనే గడిచింది. ఆకురాల్చి మోడులా నిలిచిన వేప ఉగాదినాటికి లేత ఎరుపు చిగుళ్లు వేయడం చూసిన మనకు ఆ పేజీ కొత్తగా విడమరచనక్కర్లేదు.

తర్వాత పారిస్‌లో కర్మెలీయులనే కాథలిక్కు సన్యాసుల మఠంలో చేరాడు. చదువుకున్న గురువుగా కాదు, పనివాడైన సహోదరుడిగా. ఏళ్ల తరబడి వంటింట్లో పని. వయసు మీదపడ్డాక చెప్పులు కుట్టే పని. ఆయనకు వంటపని స్వతహాగా ఇష్టం లేదు, ఆ మాట దాచుకోలేదు కూడా. 1691లో చనిపోయాడు. తానుగా పుస్తకం రాయాలని కూర్చోలేదు. జోసెఫ్ ద బొఫోర్ అనే మతగురువు ఆయనతో జరిపిన నాలుగు సంభాషణలను రాసిపెట్టుకున్నాడు, మొదటిది 1666 ఆగస్టులో జరిగింది. వాటికి లారెన్స్ ఉత్తరాలు కొన్ని కలిపితే పుస్తకమైంది. చాలా ప్రతులు వంద పేజీల లోపే ఉంటాయి. ఒక్కో ఉత్తరం రెండు మూడు పేజీలు.

ఆయన చెప్పేది చాలా సూటిగా ఉంటుంది. పెనం మీద అట్టు తిరగేయడం కూడా దేవుని మీద ప్రేమతో చేయవచ్చు. ప్రార్థనవేళ, పనివేళ అని రెండు వేర్వేరుగా ఉండనక్కర్లేదు. మాటిమాటికీ మనసు తప్పిపోతుంటే, తిట్టుకోకుండా మళ్లీ మెల్లగా దేవునివైపు తిప్పుకోవాలి.

చదివినప్పుడు తేలికగా అనిపిస్తుంది. చేయబోతే కాదు. కొన్నేళ్ల కిందట పిల్లల వసతిగృహంలో వంట చేసే ఒక అమ్మ ఈ పుస్తకం తీసుకెళ్లి వారానికల్లా తిరిగి తెచ్చింది. "అయ్యగారూ, ఆయన గిన్నెల చప్పుడు మధ్య దేవునితో మాట్లాడాడట. నాకు పప్పు అడుగంటుతుందేమోనన్న ధ్యాసే సరిపోతుంది. ఇది నాలాంటి దానికి కాదు" అంది. నేను అక్కడే నిలబడి ఆ పుస్తకంలో ఒక ఉత్తరం తీసి చూపించాను. తనకు ఇది వెంటనే అలవడలేదని, మొదటి పదేళ్లు చాలా బాధపడ్డానని లారెన్స్ స్వయంగా రాసుకున్న ఉత్తరం అది. ఆమె పైకి చదువుకుని, పదేళ్లా అని ఇంకోసారి అడిగి, పుస్తకం మళ్లీ సంచిలో పెట్టుకుంది. జూన్‌లో ఇచ్చినప్పుడు ఆ ఒక్క పేజీ మూలే మడిచి ఉంది. ఏమైనా కుదిరిందా అమ్మా అంటే, గుండిగ వంచి గంజి వారుస్తున్నంతసేపు ఎటూ కదలడానికి లేదు కదా, ఆ కాసేపు ఆయనది అనుకున్నానండి, అంతకంటే ఏమీ కుదరలేదు అంది. నేను ఎన్నో పుస్తకాల మీద ఎన్నో ప్రసంగాలు విన్నాను, ఒక పుస్తకాన్ని ఇంత బాగా చదివినవాళ్లను తక్కువ చూశాను.

లారెన్స్ ఎక్కడో ఫ్రాన్సువాడు, మన మట్టి వాసన ఉన్నవాళ్లు కావాలి అనిపిస్తే సాధు సుందర్ సింగ్ దగ్గరికి రండి. పేరు తెలియని తెలుగు క్రైస్తవ కుటుంబం ఉండదు. కానీ ఆయన కథ విన్నంతమంది ఆయన పుస్తకాలు చదవలేదు. కథ మీకూ తెలిసే ఉంటుంది. 1889లో పంజాబులోని రాంపూర్‌లో సిక్కు కుటుంబంలో పుట్టాడు. 14 ఏళ్లకు తల్లి పోయింది. ఆ దుఃఖంలో, కోపంలో సువార్త పుస్తకం కాల్చాడు. 1904 డిసెంబరులో ఒక తెల్లవారుజామున క్రీస్తు దర్శనం. మరుసటి ఏడు తన పుట్టినరోజైన సెప్టెంబరు 3న సిమ్లాలో బాప్తిస్మం తీసుకుని, కాషాయం కట్టి కాలినడకన బయలుదేరాడు. 1929లో టిబెట్టుకు వెళ్లి తిరిగి రాలేదు.

ఆయన పుస్తకాలన్నీ చిన్నవే. మొదట చదవాల్సింది 1922లో వచ్చినది, ఇంగ్లీషులో ఎట్ ది మాస్టర్స్ ఫీట్. ఆయన ఉర్దూలో రాశాడు. శిష్యుడు అడుగుతాడు, గురువు జవాబిస్తాడు, పుస్తకమంతా అలాగే నడుస్తుంది. దేవుని సన్నిధి, పాపం రక్షణ, ప్రార్థన, సేవ, సిలువ శ్రమలు, పరలోకం నరకం. ఈ ఆరు అధ్యాయాలే. గురుశిష్య సంవాదం మనకు కొత్తకాదు కాబట్టి ఇంగ్లీషులో చదివినా మన పుస్తకంలాగే ఉంటుంది. వాదన తక్కువ, పోలికలు ఎక్కువ. చేప, పాలు, పక్షి, నీరు, ఉప్పు వంటి చేతికందే వస్తువులతో మాట్లాడతాడు.

ఆయన చెప్పిన రాయి సంగతి ఒకటి నాకు ఎప్పుడూ గుర్తుంటుంది. ఒకసారి హిమాలయాల్లో ఏటి ఒడ్డున కూర్చుని నీళ్లలోంచి నున్నటి గుండ్రాయి ఒకటి తీసి పగలగొట్టాడట. ఎంతకాలం నుంచో నీళ్లలోనే ఉన్న ఆ రాయి లోపల పొడిగా ఉంది. యూరపు ప్రజల చుట్టూ శతాబ్దాలుగా క్రైస్తవ్యం ఉంది, లోపలికి మాత్రం దిగలేదు అని ఆయన చెప్పాడు. నేను తరతరాల క్రైస్తవ కుటుంబంలో పుట్టినవాణ్ని. ఆదివారం బడి, క్రిస్మస్ నాటకం, యౌవనస్థుల కూటాలు అన్నీ చూసినవాణ్ని. ఆ రాయి యూరపుదని నేను ఎన్నడూ అనుకోలేకపోయాను. మీరూ అలాంటి ఇంట్లో పుట్టి ఉంటే ఈయనతో మొదలుపెట్టండి. ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ఆయన పేరుతో దర్శనాల గురించిన పుస్తకం ఒకటి ఉంది, అందరూ ఉత్సాహంగా అదే ముందు అడుగుతారు. దాన్ని తర్వాతకు ఉంచండి. ప్రార్థన గురించిన అధ్యాయం ముందు.

రోజుకొకటి చొప్పున లెక్కగా చదివే అలవాటు మీకుంటే, మే నెలకు 31 రోజులు కదా, సరిగ్గా అన్ని భాగాలున్న పుస్తకాలు రెండు చెబుతాను. దక్షిణాఫ్రికా కాపరి ఆండ్రూ మర్రే 1885లో రాసిన ప్రార్థనా పాఠశాల పుస్తకంలో 31 పాఠాలున్నాయి. ఒక్కోటి బైబిలులోని, ఎక్కువగా సువార్తల్లోని, ఒక మాట మీద మొదలై ప్రార్థనతో ముగుస్తుంది. మొత్తం కలిపితే మీరు చెప్పిన పేజీల హద్దు దాటుతుంది గానీ రోజుకు పడే భాగం చిన్నదే. మర్రే ఒకే విషయాన్ని మళ్లీ మళ్లీ తిప్పి చెబుతాడు, కొందరికి అది విసుగు. అలాంటివారికి ఆయనదే దీనత్వం గురించి 12 అధ్యాయాల చిన్న పుస్తకం ఉంది, 1895 నాటిది. నా లెక్కలో ఆయన పుస్తకాలన్నిటిలో అదే గొప్పది. నిజంగా లోతుగా గుచ్చుతుంది. ఎవరితోనైనా మనస్పర్థ ఉన్న వేసవిలో మాత్రమే చదవండి, అప్పుడే పనిచేస్తుంది.

రెండోది సి.ఎస్. లూయిస్ రాసిన స్క్రూటేప్ ఉత్తరాలు. ఇది ఇంగ్లీషులో చదవగలిగినవారికే చెబుతాను. ముసలి దయ్యం ఒకటి తన మేనల్లుడికి, మనుషుల్ని ఎలా చెడగొట్టాలో నేర్పుతూ రాసే 31 ఉత్తరాలు. 1941లో ఒక సంఘ వారపత్రికలో వారానికొకటి వచ్చాయి, మరుసటి ఏడు పుస్తకమయ్యాయి. అందులో అంతా తలకిందులు. శత్రువు అని వచ్చిన ప్రతిచోటా దేవుడు అని అర్థం చేసుకోవాలి. ఈ సంగతి తెలియక మా దగ్గర ఒక పెద్దాయన నాలుగు పేజీలు చదివి కోపంగా తెచ్చిచ్చారు. చెప్పాక మళ్లీ తీసుకెళ్లి పూర్తిగా చదివారు.

అదే లూయిస్‌ది ఇంకో చిన్న పుస్తకం గురించి ఎవరూ అడగకపోయినా చెబుతుంటాను. 1960లో భార్య చనిపోయాక నోటు పుస్తకాల్లో రాసుకున్నవి మరుసటి ఏడు మారుపేరుతో అచ్చువేశాడు. నాలుగు అధ్యాయాలు, ఎ గ్రీఫ్ అబ్జర్వ్‌డ్ అని పేరు. దేవుని మీద కోపం, అనుమానం, తలుపు మూసుకున్నట్టనిపించిన రాత్రులు అన్నీ అందులో ఉన్నాయి. ఒకసారి భార్య పోయిన పదిహేను రోజులకే ఒక స్నేహితుడికి ఓదార్పుగా ఉంటుందని నేనే ఇంటికి తీసుకెళ్లి ఇచ్చాను. రెండు రోజుల్లో తిరిగి పంపాడు. తప్పు నాదే. పచ్చిపుండు మీద ఏ మందూ పెట్టకూడని సమయం ఒకటుంటుంది, అప్పుడు పక్కన కూర్చోవాలి, పుస్తకం ఇవ్వకూడదు. ఎనిమిది నెలల తర్వాత అతనే వచ్చి ఆ పుస్తకం ఉందా అని అడిగాడు. మీ ఇంట్లో ఈమధ్య ఎవరైనా పోయి ఉంటే దీన్ని ఇప్పుడు పట్టుకోకండి, పేరు మాత్రం గుర్తుంచుకోండి.

వేసవిలో ఆడపడుచులు, పిల్లలు, అత్తమామలు అందరూ ఒకే ఇంట్లో చేరతారని రాశారు. అది చదవగానే నాకు డీట్రిక్ బొన్‌హోఫర్ గుర్తొచ్చాడు. జర్మనీలో హిట్లర్ కాలంలో సంఘానికి కాపరులను తయారుచేయడానికి ఫింకెన్‌వాల్డెలో ఒక చిన్న సెమినరీ నడిపాడు. 1937లో రహస్య పోలీసులు దాన్ని మూసేశారు. మరుసటి ఏడాది గెట్టింగెన్‌లో తన కవల సోదరి ఇంట్లో కూర్చుని నాలుగు వారాల్లో ఈ పుస్తకం రాశాడు. ఆమె భర్త యూదు వంశంవాడు కావడంతో వాళ్లు అప్పటికే దేశం విడిచిపోయారు, ఇల్లు ఖాళీగా ఉంది. కలిసి బతకడం గురించిన పుస్తకం అలాంటి ఇంట్లో పుట్టింది. 1945 ఏప్రిల్ 9న ఆయన్ని ఉరితీశారు. పుస్తకం పేరు ఇంగ్లీషులో లైఫ్ టుగెదర్. అయిదే అధ్యాయాలు, కానీ అధ్యాయాలు కొంచెం పొడుగు, వాక్యం బరువు. ఒంటరిగా ఉండలేనివాడు గుంపులో జాగ్రత్తగా ఉండాలని, గుంపులో ఉండలేనివాడు ఒంటరితనంలో జాగ్రత్తగా ఉండాలని చెబుతాడు. ఎదుటివాడి మాట పూర్తిగా వినడం మనం ఒకరికొకరం చేయాల్సిన మొదటి సేవ అంటాడు. పదిమంది ఉన్న ఇంట్లో ఆ ఒక్క భాగం చదివినా వేసవి వృథా కాదు. అయినా మీకు ఇది రెండో పుస్తకంగానే చెబుతాను.

థామస్ ఎ కెంపిస్ పేరు మీరే రాశారు, నిరుడు ఆపేసిన నాలుగింటిలో ఆయన పుస్తకం ఒకటి కదా. క్రీస్తును అనుకరించడం గురించి 15వ శతాబ్దం మొదట్లో లాటిన్‌లో వెలువడిన పుస్తకం. కాథలిక్కులూ ప్రొటెస్టంట్లూ ఇద్దరూ సొంతం చేసుకున్నది. మీరు దాన్ని నవలలా మొదటి పేజీ నుంచి చదివారు, అక్కడే చిక్కుకున్నారని నా అనుమానం. అది నాలుగు భాగాలు, 114 చిన్న అధ్యాయాలు. వరుసగా చదివితే ఒకే మందలింపు వంద సార్లు విన్నట్టుంటుంది. మఠంలో ఉండే సన్యాసుల కోసం రాసింది కాబట్టి లోకాన్ని, మనుషుల సాంగత్యాన్ని మరీ దూరం పెడుతున్నట్టూ ఉంటుంది. పిల్లల్ని పెంచే తల్లి దాన్ని ఉన్నదున్నట్టు మీద వేసుకోకూడదు. రెండో భాగంలో 12 అధ్యాయాలే ఉన్నాయి. అంతర్జీవితం గురించినవి. ఈ వేసవికి ఆ 12 చాలు, వారానికి రెండు చొప్పున. ప్రభురాత్రి భోజనం తీసుకునే ఆదివారం ముందురోజు నాలుగో భాగంలో ఒక అధ్యాయం. కాథలిక్కులైన మీ అత్తగారివైపు వాళ్లు దాన్నే దివ్యసత్ప్రసాదం అంటారు, వాళ్లకూ ఆ భాగం చాలా ప్రియమైనది. కలిసి చదవవచ్చు.

బాబు సంగతి. పిల్లల క్రైస్తవ పుస్తకాలు రంగుల బొమ్మలతో చాలా ఉన్నాయి గానీ, పన్నెండేళ్లవాడు వాటిని దాటేశాడు. వాడితో బైబిలులోని చిన్న పుస్తకమే చదవండి, అందులోనూ యోనా ప్రవక్త పుస్తకం. 4 అధ్యాయాలు, 48 వచనాలు. పెద్ద చేపతో కథ అయిపోయిందనుకుంటారు అందరూ, వేసవి బైబిలు పాఠశాలలో కూడా అక్కడే ఆపేస్తారు. నాలుగో అధ్యాయం మీ డాబా మీదో, పెరట్లో పందిరి కిందో, ఎండ బాగా ఉన్న పూట చదివించండి. యోనా నీనెవె పట్టణం బయట పందిలి వేసుకుని కూర్చుంటాడు. దేవుడు సొరచెట్టు మొలిపిస్తాడు, నీడకు యోనా సంతోషిస్తాడు. మర్నాడు పురుగు తొలిస్తే చెట్టు వాడిపోతుంది. వేడి తూర్పుగాలి, నెత్తిన ఎండ, సొమ్మసిల్లిపోయి చచ్చిపోతే మేలనుకుంటాడు. మన మే నెల వడగాలి తెలిసిన పిల్లవాడికి ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. అక్కడ దేవుడు అడిగే ప్రశ్నతోనే పుస్తకం ముగుస్తుంది. సొరచెట్టు కోసం నువ్వు బాధపడుతుంటే, లక్షా ఇరవైవేలకు పైగా మనుషులు, ఎన్నో పశువులు ఉన్న పట్టణం కోసం నేను బాధపడకూడదా? యోనా ఏం జవాబిచ్చాడో రాయలేదు. బాబును ఒక పేజీలో ఆ జవాబు రాయమనండి. మా ఆదివారం బడిలో ఒక ఏడు అలా రాయించాం, పదిహేనుమంది పిల్లలు పదిహేను రకాలుగా రాశారు.

యోనా అయ్యాక కీర్తనల గ్రంథంలోని యాత్రకీర్తనలు, 120 నుంచి 134 వరకు పదిహేను. దాదాపు అన్నీ చిన్నవి, కొన్ని మూడేసి వచనాలే. 121లో పగలు ఎండదెబ్బ తగలదన్న మాట చదివినప్పుడు వాడు తలెత్తి మీవైపు చూస్తాడు చూడండి. ఇంకా ఆసక్తి ఉంటే యాత్రికుని ప్రయాణము ఉంది. జాన్ బన్యన్ మొదటి భాగం 1678లో అచ్చయింది. చిన్నది కాదు, పూర్తి చేయాలని పట్టుపట్టకండి, కథగా చదివి వినిపించండి.

మీరు అడగలేదు గానీ, మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు పుస్తకాన్ని కూడా చదవడానికి పనికొచ్చే పుస్తకంగా చూడమంటాను. పాడేటప్పుడు మనం రాగం వెంట పోతాం, రెండు చరణాలు పాడి ఆపేస్తాం. పురుషోత్తమ చౌదరి 19వ శతాబ్దంలో రాసిన కీర్తనల్లో ఒకదాన్ని పాడకుండా, చివరి చరణం దాకా పద్యంలా చదవండి. తెలుగు చెప్పే మీకు ఆ మాటల కూర్పు, ప్రాస, పశ్చాత్తాపంలోని ఆర్తి బాగా అందుతాయి. అనువాదం అడ్డం లేని ఆధ్యాత్మిక సాహిత్యం మనకు ఇంట్లోనే ఉంది. వారానికి ఒక కీర్తన చాలు.

ఎలా చదవాలన్నది కొంచెం చెప్పి ముగిస్తాను. సమయం ఒకటే పెట్టుకోండి, మారిస్తే తప్పిపోతుంది. నేనైతే తెల్లవారుజామున, ఎండ ఎక్కకముందు, బైబిలు చదివిన తర్వాత ఈ పుస్తకం. దాని స్థానంలో కాదు. చేతిలో పెన్సిలు ఉండాలి. గీత గీయడానికి ఒక నియమం పెట్టుకోండి, రోజుకు ఒకే వాక్యం కింద గీత. అప్పుడు ఏ వాక్యమా అని వెతుక్కుంటూ చదువుతారు, అదే నెమ్మదిని తెస్తుంది. ఆ వాక్యం మధ్యాహ్నం పనుల్లో గుర్తుకొస్తే ఆ రోజు చదువు పూర్తయినట్టే. ఫోనులో చదవక తప్పకపోతే ఇంటర్నెట్టు ఆపి చదవండి. లారెన్స్, కెంపిస్, మర్రే, సుందర్ సింగ్ మొదటి పుస్తకం, వీటి పాత ఇంగ్లీషు ప్రతులు ఇంటర్నెట్టులో ఉచితంగా దొరుకుతాయి, దించుకుని కాగితం మీద అచ్చు తీయించుకోవచ్చు. నేను లారెన్స్‌ను అలాగే పెద్ద అక్షరాల్లో తీయించి మధ్యలో కుట్టించాను, మా అల్మరాలో కళ్లు సరిగా కనిపించని పెద్దవాళ్లకు అదే ఇస్తాం.

వారం పదిరోజులు ఏమీ తోచక పోవచ్చు. చదివింది ఏదీ అంటుకోదు. అప్పుడు పుస్తకం మార్చకండి. గీత గీసిన పాత వాక్యాలనే మళ్లీ చదవండి, కొత్త పేజీ తెరవకండి. అయినా పొడిగానే ఉంటే ఒకటి రెండు రోజులు మానేయండి, మళ్లీ అక్కడి నుంచే అందుకోండి. 30వ పేజీ దగ్గర ఆగిపోయిన చాలామంది అక్కడ ఒక్కరోజు తప్పినందుకు సిగ్గుపడి పూర్తిగా వదిలేసినవాళ్లే.

మీకు నా లెక్క ఇది. సెలవులు మొదలైన రోజు నుంచి మే 15 దాకా లారెన్స్, రోజుకు ఒక సంభాషణలో సగమో ఒక ఉత్తరమో. మే 16 నుంచి సెలవులు అయ్యేదాకా మళ్లీ అదే లారెన్స్, మొదటి నుంచి. బాబుతో సాయంత్రాలు యోనా, తర్వాత యాత్రకీర్తనలు. చుట్టాలు వచ్చిన వారంలో ఎలాగూ ఏదీ కదలదు, ఆ వారం బొన్‌హోఫర్‌లో వినడం గురించిన ఆ రెండు మూడు పేజీలు మాత్రం. మిగిలినవి వచ్చే వేసవికి ఉంటాయి.

జూన్‌లో బడి తెరిచేలోపు మీరు గీత గీసిన వాక్యాల్లో ఒకటి ఇక్కడ రాయండి. బాబు యోనా తరఫున రాసిన జవాబు కూడా, వాడికి అభ్యంతరం లేకపోతే.